కథలోని మనిషిని కొలిచి కుట్టడం ఎలా?

పేదరాశి పెద్దమ్మ ఏ రంగు చీర కట్టుకునేదో మీకు తెలుసా? నేను విన్న ఏ కథలోనూ ఆ మాట లేదు. రాజకుమారుడు దారి తప్పి, పొద్దుగూకే వేళకు ఊరి చివరి గుడిసె ముందు ఆగుతాడు. ఆమె తలుపు తీస్తుంది. కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది. రాకుమార్తె ఏ మేడలో ఉంటుందో, కోట కాపలా ఏ జాముకు మారుతుందో ఆమెకు తెలుసు. పూలదండలో చీటీ దాచి లోపలికి పంపేదీ ఆమే. ఇంత చేసిన మనిషి ఒంటి మీద ఏముందో మన పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు.

కథలోని మనిషిని బట్టగా మార్చడం నేర్చుకోవాలనుకునేవారిని అందుకే ఆమెతో మొదలుపెట్టమంటాను. చూసి దించుకోవడానికి అక్కడ ఏమీ లేదు. కనుక ఆలోచించక తప్పదు.

నేను ఒడిశాలోని బరంపురంలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. గుణుపురంలో ఆడపిల్లల హాస్టలు చూసుకునే ఒక అమ్మాయి ఒకరోజు కొట్టుకు వచ్చి, "అక్కా, మా పిల్లలు నన్ను పేదరాశి పెద్దమ్మ అని పిలుస్తారు. ఆ పేరుకు తగ్గట్టు ఒక కోటు కుట్టిపెట్టండి. రోజూ వేసుకుంటాను" అంది. ఆ కోటు కుడుతూ నేర్చుకున్న పద్ధతినే మీకు చెబుతున్నాను. మీరు కుట్టబోయే పాత్ర వేరైనా వరుస ఇదే.

ముందు తేల్చుకోండి: వేషమా, బట్టా?

మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ జాతర జరుగుతుంది. తెలుగు నేతకారుల కుటుంబాలకు ఆ జాతరతో తరాల అనుబంధం. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి వీధుల్లోకి వస్తారు. ఒంటినిండా చారలు దిద్దుకున్న పులి వేషం వీధి మొదట కనబడితే చాలు, పిల్లలు అమ్మల వెనక్కి చేరిపోతారు. వేషం చేయవలసిన పని అదే. ఎంత దూరం నుంచైనా ఒక్క చూపులో ఎవరో తెలిసిపోవాలి. మొక్కు తీరాక విప్పేయాలి.

రోజూ వేసుకునే బట్టకు ఈ నియమం పనికిరాదు. దాన్ని వేసుకున్న మనిషి బస్సెక్కాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి, వంటింట్లోకి తొంగిచూడాలి. ఎదుటివాళ్ళకు పాత్ర పేరు తట్టనక్కరలేదు. వేసుకున్న మనిషికి మాత్రం చెయ్యి ఎత్తినప్పుడో, జేబులో వేలు పెట్టినప్పుడో ఆ పాత్ర గుర్తుకు రావాలి.

ఈ తేడా నాకు మొదట అర్థం కాలేదు. అతుకుల గుడ్డ, నెరిసిన జుట్టును తలపించే నూలు కుచ్చులు, వీపు మీద దీపం బుటా, అన్నీ కలిపి గీశాను. సరిచూసుకోవడానికి పెద్ద కుట్లతో కచ్చా కుట్టి వేయించాక ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని మాట్లాడలేదు. వెంట వచ్చిన వాళ్ళమ్మ, "బడిలో వేషాల పోటీకి పంపుతున్నట్టుంది" అంది. ఆమె అన్నది నిజం. ఆ సాయంత్రమే కుట్లన్నీ విప్పేశాను.

కథ వినండి, పనులు రాసుకోండి

పాత్రను కాగితం మీద గీసే ముందు చెవితో పట్టుకోవాలి. మా ప్రాంతంలో ఇది సులువు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు కలిశాక, ఇక్కడి తెలుగు ఇళ్ళలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుకుని పెరిగారు. వాళ్ళకు తెలుగు చెవిలో ఉంది, చేతిరాతలో లేదు. కథలు పుస్తకాల్లోంచి కాక అమ్మమ్మల నోటి నుంచే వచ్చాయి. చెప్పే మనిషి పక్కన కూర్చుని వింటే ఆమె చేతులు కూడా కథ చెబుతాయి. వాటిని చూడండి.

వింటూ పాత్ర చేసే పనులు మాత్రమే రాసుకోండి. 'పేద', 'ముసలి', 'మంచిది' అని రాయకండి. ఆ మాటలు కత్తెరకు ఏమీ చెప్పవు. పేదతనాన్ని ఎన్ని అంగుళాలు కత్తిరిస్తారు? అదే 'ఉట్టి మీంచి చట్టి దించుతుంది' అని రాస్తే చంక దగ్గర ఎంత గుడ్డ వదలాలో వెంటనే తెలుస్తుంది.

నా నోటు పుస్తకంలో రాసుకున్నవి ఇవి: తలుపు తీస్తుంది. పొయ్యి ఊదడానికి వంగుతుంది. చట్టి దించుతుంది. నేల మీద కూర్చుని దండ కడుతుంది. అనుకోని మనిషి వచ్చినా అన్నం సరిపోయేలా గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తుంది. ఎన్నో వింటుంది, అడిగితేనే చెబుతుంది. డబ్బో తాళంచెవో రొంటిన దోపుకుంటుంది.

తర్వాత, కథ చెప్పినవాళ్ళను ఒకే ఒక ప్రశ్న అడగండి: "ఆ పని చేసేటప్పుడు చేతులు ఎలా పెట్టేది?" పర్లాకిమిడిలో మా అమ్మమ్మను అడిగితే, చెప్పడం మానేసి చేసి చూపించింది. గాజులను మోచేతి వైపు పైకి తోసుకుని, రెండు చేతులతో గిన్నె వార్చినట్టు వంచింది. కోటు చేతుల పొడవు నాకు అక్కడే దొరికింది.

పనిని కోతలోకి దించండి

ఈ దశలో తొందరపడకండి. ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు పాత్ర చేసే పని, కుడివైపు దానికి బట్టలో ఎక్కడ చోటివ్వాలో రాయండి. కుడివైపు ఏమీ తోచని పనిని కొట్టేయండి.

గాజులు పైకి తోసుకునే చేతికి మణికట్టు దాకా గుడ్డ అడ్డం. మోచేతి కింద రెండు అంగుళాల దగ్గర చేతిని ఆపాను. చివర బిగుతు పట్టీ పెట్టలేదు. పైకి తోస్తే ముంజేతి లావు దగ్గర దానంతట అదే ఆగేంత చుట్టుకొలత చాలు.

చట్టి దించే చేతికి చంకలో నాలుగు పలకల చిన్న ముక్క. పాత కాలపు లాల్చీల్లో ఇది తప్పకుండా ఉండేది. ఇప్పుడు కటింగ్ త్వరగా తెమలాలని వదిలేస్తున్నారు, నాకు అది బాధగా ఉంటుంది. ఈ ముక్క లేని బట్టలో చెయ్యి ఎత్తితే కోటు మొత్తం పైకి లేస్తుంది. ఉంటే చెయ్యి మాత్రమే లేస్తుంది, బట్ట కదలదు.

గుప్పెడు బియ్యం ఎక్కువ పోయడానికి సమానమైనది మన కుట్టుపనిలోనే ఉంది. పక్క కుట్ల లోపల వదిలే గుడ్డ. మామూలుగా ఒక అంగుళం వదులుతాం. ఈ కోటుకు ఒకటిన్నర వదిలాను. ఒళ్ళు మారినా, వేరొకరికి ఇవ్వవలసి వచ్చినా ఊడదీసి కుట్టుకోవచ్చు.

రొంటిన దోపుకోవడం జేబు అవుతుంది. కానీ పైకి కనబడే జేబు కాదు. ఎడమవైపు, నడుము దగ్గర, ముందు పట్టీ లోపల పెట్టాలి. పాత్ర దాచుకున్నట్టే అది దాగి ఉండాలి.

ఇక తలుపు. దీని మీద నాలుగు రోజులు ఆలోచించాను. పెద్దమ్మ ఇల్లు బయటి నుంచి చూస్తే మట్టి గోడ. లోపలికి అడుగుపెట్టాక గానీ ఆమె దగ్గర రాజ్యం రహస్యాలన్నీ ఉన్నాయని తెలియదు. కనుక బయట ముతక నూలు, లోపల పట్టు అంచు. కోటు ముందు భాగం తెరిచినప్పుడు మాత్రమే పట్టు కనబడాలి. ఆమె ఉండేది ఊరి అంచున, నేను వాడేది చీర అంచు. మాట కలిసిందని ఈ నిర్ణయం తీసుకోలేదు, కానీ కలిసినందుకు సంతోషించాను.

ఇన్ని చేసి, బయటికి తెలిసే గుర్తు ఒక్కటే పెట్టండి. నేను గుండీల బదులు పేనిన నూలు తాడు పెట్టి, పూలు కట్టేటప్పుడు అరటినారకు వేసే ముడిలాంటి ముడి వేశాను. రెండో గుర్తు పెట్టాలనిపిస్తే మొదటిదాన్ని తీసేయండి.

గుడ్డ ఎంపిక

పాత్ర ఎక్కడిదైతే అక్కడి గుడ్డ వాడితే సగం పని తేలికవుతుంది. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతకారులు తొగరు చెట్టు వేరుతో నూలుకు రంగు వేసి నేస్తారు. ఆ చెట్టును వాళ్ళు ఆల్ అంటారు. ఆముదం, బూడిద, పేడ పట్టించి నూలును సిద్ధం చేయడానికే చాలా రోజులు పడుతుంది. వేరు ఎరుపు ఇస్తుంది, అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే ముదురు గోధుమ, నలుపు వైపు తిరుగుతుంది. రంగు వేయని నూలు తెలుపు మూడోది. ఆ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి గోడకు ఇంతకంటే దగ్గరి రంగు నేను చూడలేదు.

లోపలికి బరంపురం పట్టు. దీని అంచులో గుడి శిఖరాల్లా వరుసగా లేచే కుంభాలు ఉంటాయి. 2012లో దీనికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. కొత్త చీర కోయవద్దు. ఇంట్లో మడతల దగ్గర చీలిన పాత చీర ఉంటే దాన్ని అడగండి. వెలుతురుకు ఎత్తి చూడండి, రెండు బొటనవేళ్ళతో పట్టి మెల్లగా లాగండి. ఒడలు జీవం పోయినా అంచు గట్టిగా ఉండడం తరచూ చూస్తాను. ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మ చీర తెచ్చింది, అంచు చెక్కుచెదరలేదు.

మీరు శ్రీకాకుళం వైపువారైతే పొందూరు ఖద్దరు తీసుకోవచ్చు. అయితే అది సన్నని నూలు, మట్టి గోడ బరువు రాదు. అలాంటి గుడ్డ పెద్దమ్మకు కాక, ఆమె ఇంటికి వచ్చే రాజకుమారుడికి బాగుంటుంది.

నూలును కోసే ముందు తప్పకుండా తడపండి. రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేయండి. మర్నాడు మళ్ళీ అలాగే. చేనేత నూలు మొదటి తడుపుకే మీటరుకు రెండు మూడు సెంటీమీటర్లు కుంచించుకుపోగలదు. పట్టు, జరీ అలా కుంచించుకుపోవు. రెండింటినీ కలిపి కుట్టాక నూలు ఒక్కటే ముడుచుకుంటే ముందు పట్టీ అలలు అలలుగా లేస్తుంది. దాన్ని సరిచేసే దారి లేదు.

కొలతలు రెండుసార్లు

నిలబెట్టి కొలిస్తే సరిపోదు. పాత్ర చేసే పని ఒకటి చేయించి మళ్ళీ కొలవండి. ఆ అమ్మాయికి ఛాతీ 36, నిలబడితే సీటు 39. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు సీటు 41న్నర వచ్చింది. ఆ రెండున్నర అంగుళాలు వదలకపోతే ఆమె పిల్లల మధ్య నేల మీద కూర్చోలేదు. ఛాతీకి నాలుగు అంగుళాలు కలిపి 40కి, సీటుకు కూర్చున్న కొలత మీద రెండు కలిపి 43న్నరకి గీశాను. పొడవు మోకాలి దాకా. పక్క చీలికలు తొడ మధ్య నుంచి కిందికి.

వేసుకునే మనిషి ఒళ్ళు పాత్ర ఒళ్ళు కాదని మరవకండి. పెద్దమ్మ వంగి నడుస్తుంది కదా అని వీపు గుండ్రంగా కోస్తే, నిటారుగా నడిచే ముప్పై ఏళ్ళ అమ్మాయికి మెడ వెనక గుడ్డ ఉబ్బుతుంది. పాత్ర చేసే పనులు తీసుకోండి, వయసు తీసుకోకండి.

గాడా గుడ్డతో కచ్చా

చవక గాడా గుడ్డ మీద మొత్తం కోసి, పెద్ద కుట్లతో కచ్చా వేయండి. దీనికి డబ్బు దండగ అనుకునేవాళ్ళు చీరను దండగ చేస్తారు.

కచ్చా వేయించి అద్దం ముందు నిలబెట్టకండి. మీ జాబితాలోని పనులు చేయించండి. నేను రెండు మూరల దండకు సరిపడా విడిపూలు, ఒక అరటినార ఆమె ఒడిలో పోసి, "దండ కట్టు" అన్నాను. తొలి మూడు ముడులు బాగానే పడ్డాయి. నాలుగో ముడికి కాలి బొటనవేలికి నార తగిలించి ముందుకు వంగగానే వీపు మీద రెండు భుజాల మధ్య గుడ్డ బిగుసుకుపోయి, చంక దగ్గర కుట్టు పటపటమంది. నిలబడి ఉండగా అక్కడ ఒక్క ముడత కూడా లేదు. సుద్దతో ఆ చోటు గుర్తు పెట్టుకుని, భుజాల కింద వీపు మధ్యలో రెండు అంగుళాల లోతు గల ఒక మడత వదిలాను. నిలబడితే మూసుకుంటుంది, వంగితే తెరుచుకుంటుంది. పొయ్యి ఊదడానికి వంగే పనిని నేను రాసుకున్నాను గానీ దానికి చోటివ్వడం మరిచిపోయాను. కచ్చా దాన్ని పట్టిచ్చింది.

అక్కడే ఇంకొకటి చూశాను. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె హాస్టలు తాళాల గుత్తి ఎడమ అరచేతిలోనే పట్టుకుని ఉంది. జేబు లోతు ఐదు అంగుళాలు అనుకున్నది ఏడుకు పెంచాను.

కోత, కుట్టు

చేనేత గుడ్డకు పడుగు, అంటే గుడ్డ పొడవునా పారే దారం, నిలువుగా పడేలా పరచండి. చీర అంచు కూడా పడుగు వెంటే పారుతుంది కనుక ముందు పట్టీకి నిలువుగా పెట్టినప్పుడు రెండూ ఒకే దిశలో వేలాడతాయి. కుంభాల శిఖరాలు ఎటు చూడాలో ముందే నిర్ణయించుకోండి. చీర బద్దీ (గుడ్డ చిట్టచివరి గట్టి నేత) వైపు కోటు తెరుపు దగ్గరికి వస్తే శిఖరాలు రెండు పక్కలకూ తిరుగుతాయి, కోటు తెరిస్తే రెండు తలుపు రెక్కల్లా విచ్చుకుంటాయి. నాకు ఇదే నచ్చింది.

పట్టు అంచును నూలు మీద పరచి, గుండుసూదులు కుట్టు లోపలికి పోయే చోట మాత్రమే గుచ్చండి. పట్టు మీద సూది రంధ్రం మిగిలిపోతుంది. అంచును లాగి పట్టవద్దు, చేత్తో నిమిరి దానంతట అది ఎక్కడ నిలిస్తే అక్కడ పొడవు దారంతో కచ్చా వేయండి. జరీ బరువుకు ముందు భాగం కిందికి జారకుండా మధ్యలో సన్నని నూలు పట్టీ ఒకటి వేయండి. బిర్రుగా నిలబెట్టే బకరం గుడ్డ వద్దు. బకరం వేస్తే తలుపు బిర్రబిగుసుకుంటుంది.

నూలు కుట్లకు 14 నంబరు సూది, పట్టుకు 11. రెండూ కలిసే చోట మిషను ఆపి చేత్తో హెమ్మింగు చేయండి. రొంటి జేబు సంచీ పట్టుతో కుట్టకండి, తాళంచెవులు దాన్ని నెలలోనే చించుతాయి. గట్టి నూలుతో సంచీ కుట్టి, జేబు మూతికి మాత్రమే పట్టు అంచు వేయండి.

చంక ముక్క మూడు అంగుళాల చదరం, చుట్టూ అర అంగుళం కుట్టుకు. ఒక మూల చేతి కింది కుట్టుకూ, ఎదుటి మూల పక్క కుట్టుకూ రావాలి. మిగిలిన రెండు మూలలు ముందుకూ వెనక్కూ పడతాయి. అప్పుడు గుడ్డ ఏటవాలుగా సాగే దిశ సరిగ్గా చెయ్యి లేచే చోట ఉంటుంది. మూలల దగ్గర కుట్టు ఒక్క దారం అటూ ఇటూ అయినా ముడత పడుతుంది. అక్కడ మిషను చక్రాన్ని చేత్తో తిప్పండి.

ఇస్త్రీ ఎప్పుడూ లోపలి వైపు నుంచి, జరీ మీద పలుచని గుడ్డ పరచి, తక్కువ వేడితో చేయాలి.

చివరి పనులు

కింది మడత వెంటనే కుట్టకండి. కోటును ఒక రాత్రంతా వేలాడదీయండి. ముతక నూలు తన బరువుకు తాను కొంత దిగుతుంది, చీలికల దగ్గర ఇంకా ఎక్కువ. పొద్దున నేల నుంచి టేపుతో కొలిచి సమం చేసి అప్పుడు మడవండి.

వేసుకునేవారికి రెండు మాటలు చెప్పి ఇవ్వండి. ఇంట్లో ఉతకవద్దు, డ్రైక్లీనింగ్ చేయించాలి. బీరువాలో మడిచి పెట్టకూడదు, పట్టు మడత దగ్గరే ముందు చీలుతుంది. పక్క కుట్లలో వదిలిన ఒకటిన్నర అంగుళాన్ని తిప్పి చూపించండి. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఊడదీయించుకోగలగాలి.

మిగిలిన నూలు ముక్కల్లో అరచేతి కంటే పెద్దవన్నీ చుట్టి, అదే రంగు దారం కొంత కలిపి కోటుతోపాటు ఇచ్చేయండి. నాలుగేళ్ళ తర్వాత మోచేతి దగ్గర అరిగితే అతుకు వేయడానికి ఆ రంగు బజారులో దొరకదు. వేరు నుంచి తీసిన ఎరుపు ప్రతి విడతకూ కాస్త మారుతుంది.